కార్ల క్లబ్ వేసవి బార్బెక్యూ: మాంసం సంగతి తర్వాత, ముందు వేళ మార్చండి

ప్రశ్న: మాది నెల్లూరు కేంద్రంగా నడిచే కార్ల క్లబ్. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, మారుతి 800లు, జిప్సీలతో పాటు కొత్త బండ్లూ ఉన్నాయి. కావలి, ఒంగోలు సభ్యులు కూడా వస్తారు. ఏటా మే ఆఖరి ఆదివారం మైపాడు బీచ్‌లో బార్బెక్యూ పెట్టుకుంటాం. పోయినేడు పదకొండింటికి బయల్దేరితే ఇందుకూరుపేట దాటకముందే రెండు పాత కార్లు ఆగిపోయాయి. మూడు కార్లు ఇసుకలో కూరుకుపోయాయి. మాంసం అంతా మసాలా పట్టించి, ఒకే పెద్ద బకెట్‌లో వేసి, పైన ఐస్ ముక్కలు పెట్టి డిక్కీలో తెచ్చాం. పొయ్యి రాజుకునేసరికి రెండయింది. చికెన్ పైన మాడింది, లోపల పచ్చిగా ఉంది. మర్నాడు ఏడెనిమిది మందికి వాంతులు, విరేచనాలు. ఈసారి 24 కార్లు, 70 మంది. అందులో 15 మంది పిల్లలు, పది మంది శాకాహారులు. క్యాటరింగ్ వాళ్లకి ఇవ్వకుండా మేమే చేసుకోవాలని ఉంది. డబ్బులు మనిషికింత అని వసూలు చేస్తే చివర్లో లెక్క కుదరడం లేదు, అది కూడా చెప్పండి.

జవాబు: మీరు రాసినవి నాలుగు వేర్వేరు తంటాల్లా కనిపిస్తున్నాయి గానీ, ఇసుక సంగతి పక్కన పెడితే మిగతా మూడింటి మూలం ఒక్కటే. పెట్టిన వేళ తప్పు. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి పాత కార్లను రోడ్డెక్కించారు. అప్పటికే మసాలా పట్టించిన మాంసం గంటల తరబడి డిక్కీలో ఉంది. ఆకలితో జనం పొయ్యి చుట్టూ మూగారు కాబట్టి నిప్పులు సరిగ్గా తయారవకముందే ముక్కలు వేసేశారు. అందుకే వంట కన్నా ముందు గడియారం గురించి మాట్లాడుకుందాం.

మే ఆఖరి ఆదివారం అంటే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో నిప్పుల ముందు నిలబడాలని మీకెందుకు అనిపించిందో గానీ, వీలైతే చిన్న కర్తరి మొదలయ్యే మే 4కి ముందు, అంటే ఏప్రిల్ ఆఖరి ఆదివారానికి జరుపుకోండి. తేదీ మార్చడం కుదరకపోతే వేళైనా మార్చండి. తెల్లవారి ఐదున్నరకి నెల్లూరులో బయల్దేరాలి, ఎనిమిదికి మొదటి ప్లేటు పడాలి, పదిన్నరకి నిప్పులు ఆర్పేయాలి, పన్నెండులోపు అందరూ ఇళ్లకి చేరాలి. పొద్దున్నే మాంసమా అని ఎవరైనా ముక్కు విరిస్తే పట్టించుకోకండి. ఆదివారం పొద్దున దోశలోకి నిన్నటి చేపల పులుసు వేసుకునే ఊరు మనది.

సాయంత్రం పెట్టుకుంటే చల్లగా ఉంటుంది కదా అంటారు. నాలుగింటికి కూడా తారు రోడ్డు సెగలు కక్కుతూనే ఉంటుంది, పాత ఇంజన్లకి అది మధ్యాహ్నంతో సమానం. ఏడుకల్లా చీకటి పడుతుంది. చీకట్లో ముక్క ఉడికిందో లేదో తెలియదు. తిరుగు ప్రయాణంలో పాత హెడ్‌లైట్ల గుడ్డి వెలుగు, రోడ్డు మీద పడుకున్న గేదెలు, ఆరబోసిన వడ్ల కుప్పలకి అడ్డం పెట్టిన రాళ్లు. పైగా సాయంత్రం మీట్ అనగానే డిక్కీల్లో సీసాలు వాటంతటవే చేరతాయి. పొద్దున పెడితే ఆ బాధ సగం తప్పుతుంది.

ఇక చోటు. మైపాడు బీచ్‌ని ఫొటోలకి ఉంచుకోండి, వంట అక్కడ వద్దు. ఆరుంబావుకి బీచ్ దగ్గరి తారు రోడ్డు పక్కన కార్లు వరసగా నిలిపి, ఆ ఏటవాలు ఎండలో ముప్పావుగంట ఫొటోలు తీసుకోండి. రంగులు అంత బాగా మరే వేళలోనూ పడవు. ఒక్క చక్రం కూడా ఇసుకలోకి దిగకూడదు. కూరుకుపోవడం ఒక కారణమే. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి, మే దాకా పిల్లలు బయటికొస్తూనే ఉంటాయి. ఇసుక కింద ఉన్న గూడు పైకి కనపడదు. కారు బరువు పడితే అంతే సంగతులు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవులు. ఎవరైనా పొరపాటున దిగబడితే యాక్సిలరేటర్ వెంటనే వదిలేయమనండి. తొక్కేకొద్దీ ఛాసిస్ ఇసుక మీద కూర్చుంటుంది. టైర్లలో గాలి 16-18 పీఎస్‌ఐకి దించి, చక్రాల ముందు ఇసుక తోడి, నైలాన్ పట్టీని టోయింగ్ హుక్‌కే తగిలించి లాగాలి. బంపర్‌కి కట్టకూడదు. లాగేటప్పుడు పట్టీకి దగ్గరగా మనుషులు నిలబడొద్దు, తెగితే కొరడాలా తగులుతుంది. బయటికి రాగానే గాలి మళ్లీ నింపాలి, కాబట్టి ఒక టైరు ఇన్‌ఫ్లేటర్ ఉండాలి. సముద్రంలో దిగడం మాత్రం ఈ కార్యక్రమంలో పెట్టకండి. మైపాడు అలలు పైకి కనిపించేంత సాధువు కావు.

వంటకి ఇందుకూరుపేట–మైపాడు దారిలో ఒక తోటని యజమాని అనుమతితో మాట్లాడుకోండి. చెట్టు ఏదన్నది ముఖ్యం. కొబ్బరిచెట్ల కింద కార్లు పెడితే కాయో మట్టో పడి బానెట్ సొట్టపోతుంది. మామిడి కింద ఈ కాలంలో కాయలు రాలతాయి, సొన కారి పెయింటు మీద మచ్చ పడుతుంది. సరుగుడు తోపు నీడ చూడటానికి హాయిగా ఉంటుంది గానీ నేలంతా ఎండిన ఆకు పరుచుకుని ఉంటుంది, నిప్పురవ్వ చాలు. చింత, వేప, కానుగ ఉన్న గట్టి నేల దొరికితే అదే మంచిది. చుట్టుపక్కల గడ్డివాములు ఉన్నాయేమో చూసుకోండి, వంద మీటర్ల లోపు ఉంటే ఆ తోట వద్దు. బోరు ఉందా అన్నది సరే, వ్యవసాయ కరెంటు ఏ వేళకి వస్తుందో కూడా అడగండి. పొద్దున రాదంటే ముందురోజే రెండు డ్రమ్ముల నీళ్లు పట్టించాలి. మరుగుదొడ్డి లేని తోటకి కుటుంబాలను పిలవకండి. మగవాళ్లే వేసే ప్లాన్లలో ఎప్పుడూ మర్చిపోయేది ఇదే.

కార్లను దక్షిణం వైపు, పొయ్యిని ఉత్తరం వైపు పెట్టండి. వేసవిలో మన తీరాన తెల్లవారుజామున గాలి ఎక్కువగా నైరుతి నుంచి, పడమర నుంచి వస్తుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలై ఆగ్నేయం నుంచి వీస్తుంది. పొయ్యి ఉత్తరాన ఉంటే ఈ రెంటిలో ఏది వీచినా పొగ, నూనె తుంపర్లు, నిప్పురవ్వలు కార్ల మీదికి రావు. ముందురోజు అదే వేళకి అక్కడ ఒక అగరువత్తి వెలిగించి చూసుకోండి. పొయ్యికీ దగ్గరి కారుకీ మధ్య కనీసం 15 మీటర్లు ఉండాలి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ ఉన్న బండ్లను వరసలో ఆ చివరన పెట్టండి, షామియానా కింద వద్దు.

ఇంకో అగ్గి కార్లలోనే ఉంటుంది. నడిచి వచ్చిన కారు క్యాటలిటిక్ కన్వర్టర్ వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. బీఎస్-6 డీజిల్ బండిలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) తనను తాను శుభ్రం చేసుకునే దశలో ఉంటే వేడి 600 డిగ్రీల దాకా పోతుంది. ఎండుగడ్డి మీద అలాంటి బండి ఆపితే కింద నుంచి అంటుకుంటుంది, లోపల కూర్చున్నవాళ్లకి వాసన వచ్చేసరికి ఆలస్యం అవుతుంది. కాబట్టి పార్కింగ్ చేసే చోట ముందురోజే గడ్డి చెక్కించి, ఆకులు ఊడ్పించండి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి గడ్డి మీద కూర్చోవడం అసలు వద్దు.

ఇప్పుడు ఆగిపోయిన ఆ రెండు పాత కార్ల సంగతి. ఆ ఎండలో, ఆ వేళలో ఆగాయంటే అది చాలావరకు వేపర్ లాక్. అంబాసిడర్‌కి, పద్మినికి మెకానికల్ ఫ్యూయల్ పంపు ఇంజన్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. కాన్వాయ్‌లో మెల్లగా పోతుంటే బానెట్ కింద గాలి ఆడదు, పంపు బాగా వేడెక్కుతుంది, పైపులో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు, కార్బొరేటర్ ఎండిపోతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది ఇంకా తొందరగా ఆవిరవుతుంది, పాత రబ్బరు గొట్టాలనూ పంపులోని డయాఫ్రమ్‌నూ మెత్తబరిచి తినేస్తుంది. నెలల తరబడి ఆపిన కారు ట్యాంకులో ఇథనాల్ గాలిలోని తేమ పీల్చుకుని నీళ్లతో సహా అడుగుకి చేరుతుంది.

కాబట్టి మీట్‌కి పది రోజుల ముందు పాత పెట్రోలు తీసేసి కొత్తది పోయించండి. గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునే ఎఫ్‌కేఎం రకానివి వేయించి, సైలెన్సర్ మానిఫోల్డ్‌కి దూరంగా తిప్పించి, దగ్గరగా పోయేచోట వేడి తగలని తొడుగు వేయించండి. అప్పటికీ ఆగుతుంటే ట్యాంకు దగ్గర తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకోవచ్చు. కార్బొరేటర్‌కి 3 పీఎస్‌ఐ చుట్టూ చాలు, అంతకు మించితే నీడిల్ వాల్వ్ తట్టుకోలేక పెట్రోలు పొంగుతుంది. ప్రమాదం జరిగితే పంపు దానంతటది ఆగిపోయే స్విచ్ కూడా ఉండాలి. దారిలో ఆగితే బానెట్ ఎత్తి, తడిగుడ్డ పంపు మీద, పైపు మీద వేసి పావుగంట ఆగండి. ఎర్రగా కాలిన మానిఫోల్డ్ మీద నీళ్లు పడితే పోత ఇనుము చిట్లుతుంది, అది చూసుకోండి.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు ఉంటే మానేయండి. మన తీరం వైపు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, సన్న గొట్టాలు పూడుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే మార్చండి, ఆ మూత పట్టి ఉంచే ప్రెషర్ వల్లే నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగకుండా ఉంటాయి. థర్మోస్టాట్ పీకేసిన బండి చల్లగా నడుస్తుందని కొందరు మెకానిక్‌లు చెబుతారు, నమ్మకండి. పాడైతే మార్చాలే తప్ప తీసేయకూడదు. ఫ్యాన్ బెల్టుని బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు మేర లోపలికి పోవాలి. టైర్ల గాలి బయల్దేరే ముందు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మధ్యాహ్నం వేడి మీద ఎక్కువ చూపిస్తోందని తీసేస్తే అసలుకే తక్కువైపోయి అంచులు వేడెక్కి పేలుతుంది. షోకి మాత్రమే బయటికి తీసే కార్ల టైర్లు అరగవు గానీ ముసలివవుతాయి. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల వరస చివర నాలుగంకెలు చూడండి: 2317 అంటే 2017లో 23వ వారం. అంత పాతదాన్ని వేసుకుని వేసవిలో హైవే ఎక్కొద్దు.

ఒంగోలు వాళ్లు తెల్లవారి ఐదున్నరకి నెల్లూరులో ఉండాలంటే మూడింటికే లేవాలి. నిద్రలేని డ్రైవింగ్ కన్నా ముందురోజు సాయంత్రమే వచ్చి పడుకోవడం మేలు. వచ్చేటప్పుడు 16వ నంబరు జాతీయ రహదారి మీద అందరూ ఒకే తోకగా రావక్కర్లేదు. టంగుటూరు, ముసునూరు టోల్‌గేట్ల దగ్గర ఎలాగూ విడిపోతారు, మళ్లీ కలవాలని ఒకరినొకరు తరుముకుంటారు, ప్రమాదం అక్కడే. ఐదారు కార్ల గుంపులుగా, గుంపుకి ముందొకరు, వెనకొకరు బాధ్యులుగా రండి. ప్రతి డ్రైవరూ తన వెనక కారు అద్దంలో కనపడుతోందా అన్నది చూసుకుంటే చాలు. కదులుతున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోవడం ఈ మధ్య ఫ్యాషన్ అయింది. ఎవరు ఎటు తిరుగుతున్నారో తెలియకుండా పోతుంది, మాన్పించండి. స్థానిక పోలీసు స్టేషన్‌లో తేదీ, దారి, కార్ల సంఖ్య రాసి ఒక ఉత్తరం ఇస్తే రేసు అనుకుని ఆపే బెడద ఉండదు.

ఇక పొయ్యి. రెండొందల లీటర్ల ఇనప డ్రమ్ము ఒకటి నిలువునా కోయిస్తే రెండు పొయ్యిలవుతాయి. నూనె డ్రమ్మే తీసుకోండి, రసాయనాల డ్రమ్ము ఎంత చవకైనా వద్దు. కోసే ముందు మూతలు తీసి నీళ్లతో బాగా కడిగించాలి, ఖాళీ డ్రమ్ములో మిగిలిన ఆవిరికి కటింగ్ నిప్పు తగిలితే పేలుతుంది. తర్వాత ఒకసారి కట్టెలతో గంటసేపు మండించి లోపలి పెయింటు పోగొట్టండి. పైన వేసే జాలి గాల్వనైజ్డ్‌ది కాకూడదు, వేడికి జింకు పొగ వస్తుంది. ఆరు మిల్లీమీటర్ల మామూలు ఇనప చువ్వలు వెల్డింగ్ చేయిస్తే సరి. నిప్పులకీ జాలికీ మధ్య 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉండాలి. ముందు అడుగున, పక్కన రెండంగుళాల ఎత్తులో ఐదారు రంధ్రాలు కొట్టించండి, గాలి లేకపోతే బొగ్గు మూలుగుతుంది. శాకాహారులకి వేరే ఒక కుంపటి, వేరే పట్టకారు, వేరే బ్రష్. ఒకే జాలిని తుడిచి వాడతామంటే వాళ్లు మర్యాదకి సరేనంటారు, తినరు.

బొగ్గు కోసం ఆన్‌లైన్‌లో అందమైన సంచులు వెతకక్కర్లేదు. ఇస్త్రీ బండి వాళ్లు ఎక్కడ కొంటారో అడగండి. మన జిల్లాల్లో దొరికే సర్కారు తుమ్మ బొగ్గు గట్టిది, ఎక్కువసేపు నిలుస్తుంది. ముక్కను ముక్కతో కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే తడి ఉన్నట్టు, లేదా లోపల కాలని కట్టె ఉన్నట్టు, అది పొగ పెడుతుంది. తుమ్మ బొగ్గు రాజుకునేటప్పుడు చిటపటమని రవ్వలు ఎగురుతాయి, అందుకే పిల్లల్ని ఆ ఇరవై నిమిషాలూ దూరంగా ఉంచండి. మీ లెక్కకి ఒక్కో పొయ్యికి మొదట ఆరు కిలోలు, తర్వాత ప్రతి నలభై నిమిషాలకి రెండు కిలోలు, కుంపటికి మూడు. మొత్తం 23 కిలోలవుతుంది, 28 కొనండి.

కార్ల క్లబ్ కాబట్టి గట్టిగా చెప్పాలి: పెట్రోలు, డీజిలు, థిన్నరు పోసి వెలిగించకండి. పెట్రోలు ఆవిరి నేలమీద పాకి అగ్గిపుల్ల పట్టుకున్న చేతి దాకా వస్తుంది. పదిహేను కిలోల నూనె డబ్బా అడుగున, పక్కల మేకుతో రంధ్రాలు కొట్టి, కింద కొబ్బరి పీచు, రెండు కర్పూరం బిళ్లలు, పైన నాలుగు కిలోల బొగ్గు పోసి వెలిగిస్తే ఇరవై, పాతిక నిమిషాల్లో పై బొగ్గు కూడా అంటుకుంటుంది. డబ్బా కాలి ఉంటుంది, తోలు గ్లవుజులతో, పట్టకారుతో వంచాలి. మధ్యలో వేసే బొగ్గు కూడా ఇలా రాజేసే వేయాలి. పచ్చి బొగ్గు నేరుగా నిప్పుల మీద పోస్తే వేడి పడిపోతుంది, ఆ మసి పొగ ముక్కలకి పడుతుంది.

మీ చికెన్ పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయింది ఇందుకే: మంట ఆరి, బొగ్గు మీద తెల్లటి బూడిద పూత కమ్మేదాకా మీరు ఆగలేదు. నిప్పులను పొయ్యి అంతా పరిచారు కాబట్టి ముక్కని పక్కకి జరిపే చోటు కూడా లేదు. పొయ్యిలో మూడింట రెండొంతులే నిప్పులు పరవండి, ఒక వంతు ఖాళీగా వదలండి. జాలి మీద జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి మూడు నాలుగు అంకెలు లెక్కపెట్టేసరికి తీసేయాలనిపిస్తే నిప్పు సిద్ధం. ముక్కల్ని అక్కడ రంగు వచ్చేదాకా తిప్పి, తర్వాత ఖాళీ వైపుకి జరిపితే లోపల దాకా ఉడుకుతుంది. నూనె కారి మంట లేస్తే నీళ్లు చల్లకండి, బూడిద లేచి ముక్కలకి అంటుకుంటుంది. చువ్వను పక్కకి జరిపితే మంట అదే ఆరుతుంది.

ఎముక ఉన్న లెగ్‌పీసులు వద్దు. ఒక్కోటి 35-40 నిమిషాలు పడుతుంది, ఆకలి మీద ఎవరూ ఆగరు. మటన్ జోలికీ పోవద్దు: గట్టిగా ఉంటుంది, మెత్తబరచడానికి బొప్పాయి పేస్టు రాస్తే ఒక గంట ఎక్కువైనా పిండిలా అయిపోతుంది. బోన్‌లెస్ థై తొమ్మిది కిలోలు చెప్పండి. బ్రెస్ట్ ముక్క నిప్పుల మీద ఎండిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం కాబట్టి వంజరం కోసం తిరిగి లాభం లేదు. చెరువు రొయ్యలకి మన దగ్గర లోటేముంది? 30 కౌంట్ (కిలోకి ముప్పై తూగే) వనామీ అయిదున్నర కిలోలు కొంటే తల, పొట్టు పోను మూడు కిలోలు చేతికొస్తాయి. పెద్దలకి తలా 220 గ్రాములు, పిల్లలకి 120 గ్రాములు లెక్కన మీ అరవై మందికి ఈ పన్నెండు కిలోలు సరిపోతాయి. శాకాహారులకి పనీరు రెండు కిలోలు, మొక్కజొన్న కండెలు పాతిక (పిల్లలందరూ అడుగుతారు), గుండ్రటి వంకాయలు, ఉల్లి, క్యాప్సికం. పక్కన పులిహోర ఉంటే ఏదీ తక్కువ కాదు. తీపికి మలైకాజా, అదీ ఐస్‌లోనే పెట్టి తేవాలి.

తొమ్మిది కిలోల చికెన్‌కి గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగు 900 గ్రాములు, అల్లంవెల్లుల్లి ముద్ద 350, ఉప్పు 110, కారం 130, ధనియాల పొడి 90, గరం మసాలా 35, పసుపు 20 గ్రాములు, వేరుశనగ నూనె పావులీటరు. కారంలో సగం కాశ్మీరీ వేస్తే పిల్లలు కూడా తింటారు, రంగు కోసం ఇంకేం కలపక్కర్లేదు. పెరుగు వడగట్టకపోతే నీరు కారి నిప్పులు చల్లారతాయి. చక్కెర, తేనె వద్దు, ముక్క ఉడక్కముందే మాడతాయి. నిమ్మరసం రాత్రే కలపకండి, ముక్క పైపొర గట్టిపడుతుంది. పొద్దున తోటలో, పొయ్యి మీదికి పోయేముందు పిండండి. రొయ్యలకైతే మసాలా మొత్తం అరగంట ముందే. పులుపు ఎక్కువసేపు తగిలితే అవి పొయ్యెక్కకుండానే ఉడికినట్టు రబ్బరవుతాయి.

వాంతుల సంగతికి వద్దాం. మాంసం అంతా ఒకే పెద్ద బకెట్‌లో కలిపి పైన ఐస్ ముక్కలు వేశామని రాశారు. అదే కారణమయ్యే అవకాశం ఎక్కువ. బకెట్ మధ్యలో ఉన్న మాంసానికి చల్లదనం గంటలు గడిచినా చేరదు, పైన మాత్రం గడ్డకట్టినట్టు ఉంటుంది. మాంసం 5 డిగ్రీలకి పైన, 60 డిగ్రీలకి కింద ఉన్నంతసేపు సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంట చాలు, ఆ తర్వాత పారేయాల్సిందే. మసాలా పట్టించిన ముక్కల్ని రెండేసి కిలోల సంచుల్లో, రెండంగుళాల మందానికి మించకుండా పలచగా సర్ది రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. నలుగురైదుగురి ఇళ్లలో పంచుకుంటే ఫ్రిజ్ కూడా చల్లగా ఉంటుంది. పొద్దున రొయ్యల థర్మకోల్ పెట్టెల్లో అడుగున ఐస్, సంచి, ఐస్, సంచి, పైన ఐస్. కిలో మాంసానికి కిలో ఐస్ తక్కువ కాకుండా. కరిగిన నీళ్లు పోవడానికి అడుగున చిన్న రంధ్రం పెట్టండి. ఫ్యాక్టరీ ఐస్ చవగ్గా దొరుకుతుంది గానీ అది చేపలకీ రొయ్యలకీ చేసే ఐసు, మజ్జిగలో వేయొద్దు. తాగేవాటికి తాగునీటి ఐస్ వేరే పెట్టెలో. ఈ రెండు పెట్టెల మీదా పెద్దక్షరాలతో రాయండి.

ఒక పెట్టెలోంచి ఒక్కో సంచీ మాత్రమే బయటికి తీయాలి. చప్పటి ఇనప చువ్వకి ఆరు ముక్కలు గుచ్చితే తొమ్మిది కిలోలకి నలభై చువ్వలవుతాయి. గుండ్రటి చువ్వలు తిప్పితే ముక్క తిరగదు, చువ్వ ఒక్కటే తిరుగుతుంది. నిప్పుల వైపు ఒకసారికి ఎనిమిది తొమ్మిది పడతాయి, ఒక వాయికి పావుగంట. రెండో పొయ్యి మీద రొయ్యలు ముందు లాగించేయండి. పక్కకి రెండేసి నిమిషాలు చాలు. ఒంపు తిరిగి ఎర్రబడితే అయినట్టు, తోక తలని తాకేంత చుట్టుకుంటే ఎక్కువైనట్టు. ఇరవై నిమిషాల్లో అవి తేలిపోతాయి, తర్వాత ఆ పొయ్యి కూడా చికెన్‌కే. మాంసం థర్మామీటర్ ఒకటి కొనండి, లావుపాటి ముక్క మధ్యలో 74 డిగ్రీలు చూపించాలి. పచ్చి మాంసం పెట్టిన ట్రేలోకి ఉడికింది తీయడం, పచ్చిదానికి నూనె రాసిన బ్రష్‌తోనే చివర్లో వెన్న రాయడం: ఎన్ని జాగ్రత్తలు పడినా మళ్లీ కొంప ముంచేవి ఈ రెండే. అందుకే పచ్చిది ముట్టే మనిషి ఒకరు, ఉడికింది ముట్టే మనిషి ఒకరు, మధ్యలో మారొద్దు. చేతులు కడగడానికి కొళాయి ఉన్న డ్రమ్ము, సబ్బు పొయ్యి పక్కనే ఉండాలి, తోట అవతల కాదు. కొబ్బరి చట్నీ ఎండకి పులుస్తుంది, పుదీనా, అల్లం పచ్చళ్లు తెచ్చుకోండి.

తాగునీళ్లు మనిషికి మూడు లీటర్లు: ఇరవై లీటర్ల క్యాన్లు పదకొండు. పలచటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, దారిలో తాటిముంజలు. పొయ్యి దగ్గర నిలబడేవాళ్లని అరగంటకొకసారి మార్చండి. నైలాన్ టీషర్టులు వద్దు, నూలువి. రెండు ఆరు కిలోల ఏబీసీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు, నాలుగు బకెట్ల నీళ్లు, రెండు బకెట్ల ఇసుక. చెయ్యి కాలితే టూత్‌పేస్టు కాదు, ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు ధారగా. అంబులెన్సు 108, ఫైర్ 101. పిల్లలు ఏసీ కోసం మూసిన కార్లలో కూర్చోకుండా ఒక పెద్దమనిషిని కాపలా పెట్టండి. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీలు పెరుగుతుంది. డ్యాష్‌బోర్డు మీద లైటర్లు, స్ప్రేలు వదలొద్దు.

చివర్లో నిప్పుల్ని ఇసుకలో, మట్టిలో పూడ్చేసి వెళ్లడం చాలామంది చేసే పని. లోపల అవి గంటల తరబడి అలాగే ఉంటాయి, తర్వాత చెప్పుల్లేకుండా నడిచొచ్చే కూలీ కాలు కాలుతుంది. కొంచెం కొంచెంగా నీళ్లు పోస్తూ, కర్రతో కలుపుతూ, చెయ్యి దగ్గర పెడితే సెగ తగలనంతవరకు ఆర్పండి. ఒకేసారి గుమ్మరిస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది. ఇంటికొచ్చాక, బీచ్ దాకా వెళ్లిన కార్ల అడుగుభాగం ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడిగించండి. ఉప్పుగాలి పాత కార్ల ఛాసిస్‌నే ముందు పట్టుకుంటుంది.

డబ్బుల లెక్క: ఖర్చుల్ని రెండుగా విడగొట్టండి. తోట అద్దె, పొయ్యి, ఐస్, బొగ్గు, ఎక్స్‌టింగ్విషర్లు ఎంతమంది వచ్చినా మారవు, అవి 24 కార్లకి సమానంగా కారుకింత. తిండి, నీళ్లు మనిషికింత, పదేళ్ల లోపు పిల్లలకి సగం. రెండూ పది రోజుల ముందే వసూలు కావాలి. చికెన్, రొయ్యలు ఆర్డరిచ్చేది మూడు రోజుల ముందు కాబట్టి ఆ తర్వాత మానుకున్నవాళ్లకి తిండి డబ్బు తిరిగి ఇవ్వబోమని మొదటి మెసేజ్‌లోనే రాసేయండి. ఆఖరి రోజు బావమరిదిని వెంటబెట్టుకొచ్చేవాళ్లు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు, వాళ్లకోసం మాంసం పెంచకండి, పులిహోర రెండు కిలోల బియ్యం ఎక్కువ కలపండి.